పిలిస్తే పలకడు: ఆటిజం పరీక్షలపై పాఠకుల ప్రశ్నలు

ఆటిజం, అంటే మనుషులతో కలవడం, మాటా సైగలతో చెప్పుకోవడం వేరుగా ఉండే ఎదుగుదల తేడా. దాని మీద ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే: ఏ పరీక్ష, ఎక్కడ, ఎవరు రాసిస్తే చెల్లుతుంది? పిల్లల ఎదుగుదల వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ కలిసి రాసిన జవాబులివి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఒకటిగా ఇచ్చాం.

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ల మూడు నెలలు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఏడాదిన్నరకి అమ్మ, తాత, బువ్వ అనేవాడు, ఇప్పుడవి కూడా లేవు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కెళతాడు. మా అత్తగారు 'వీళ్ల నాన్న నాలుగేళ్లకి గానీ మాట్లాడలేదు' అంటారు. పిల్లల డాక్టరు గారు మూడేళ్లు నిండేదాకా చూద్దామన్నారు. ఆగవచ్చా?
– ఒక తల్లి, నరసరావుపేట

ఆగవద్దు. మాటలు ఆలస్యమైన పిల్లల్లో కొందరు తర్వాత వాటంతట అవే అందుకుంటారు, నిజమే. కానీ మీ బాబు విషయంలో ఆలస్యం ఒక్కటే కాదు. వచ్చిన మాట పోయింది. ఏ వయసులోనైనా ఉన్న మాట, ఉన్న నైపుణ్యం పోతే ఆ వారమే చూపించాల్సిన సంగతి. పైగా పేరుకి తిరగకపోవడం, వేలితో చూపించకుండా మీ చేతిని పనిముట్టులా వాడుకోవడం కూడా ఉన్నాయి. వేలితో చూపించడంలో రెండు రకాలుంటాయి. 'అది కావాలి' అని చూపించడం ఒకటి, 'అదిగో కుక్క, నువ్వూ చూడు' అని చూపించడం రెండోది. రెండోది ఏడాదిన్నరకల్లా రావాలి. నాలుగేళ్లకి మాట్లాడిన మీ వారు రెండేళ్లప్పుడు విమానాన్ని చూపించి అమ్మ ముఖంలోకి చూసేవారా అని మీ అత్తగారిని అడగండి. 'ఆఁ, చూసేవాడే' అన్నారంటే ఆ పోలిక మీ బాబుకి వర్తించదు.

మొదట వినికిడి. 'టీవీ మోగితే పరిగెత్తుకొస్తాడు, చిప్స్ ప్యాకెట్ చప్పుడు పక్కగదిలోంచే వింటాడు, చెవులు బాగానే ఉన్నాయి' అని చాలామంది ఈ పరీక్ష మానేస్తారు. కొన్ని స్థాయుల శబ్దాలే వినపడని చెవుడు, చెవి లోపల నీరు చేరడం వల్ల వచ్చే మందపు వినికిడి ఇలా బయటపడవు. లోపలి చెవి పనితీరు చూసే ఓఏఈ పరీక్ష కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. శబ్దానికి నరాలు, మెదడు ఎలా స్పందిస్తాయో చూసే బెరా పరీక్షకి పిల్లాడు కదలకుండా నిద్రపోవాలి. ఆ రోజు మామూలుకన్నా బాగా ముందు లేపి, దారిలో కునుకు తీయనివ్వకుండా తీసుకెళ్లండి. బస్సులో నిద్రపోయి ఆసుపత్రిలో మెలకువగా ఉండటం వల్లే చాలా బెరాలు వాయిదా పడతాయి.

రెండోది ఎం-చాట్ అనే ప్రశ్నపత్రం. 16 నుంచి 30 నెలల పిల్లలకు మాత్రమే పనికొస్తుంది, అంటే మీకు మూడు నెలల గడువే ఉంది. 20 ప్రశ్నలు, అవును-కాదు జవాబులు. 0 నుంచి 2 వస్తే తక్కువ అనుమానం. 3 నుంచి 7 వస్తే తప్పిన ప్రశ్నలను మళ్లీ ఉదాహరణలతో అడగాలి, అప్పుడూ 2 లేదా అంతకన్నా ఎక్కువ మిగిలితే పూర్తి పరీక్షకి పంపాలి. 8 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మళ్లీ అడగకుండానే పంపాలి. ఈ రెండో విడత ప్రశ్నలు అడగకుండా మొదటి అంకె చూసే భయపెట్టేవాళ్లూ ఉన్నారు, తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఇది జల్లెడ మాత్రమే, రోగనిర్ధారణ కాదు. రెండు విడతల తర్వాతా అనుమానం మిగిలిన పిల్లల్లో సుమారు సగం మందికి ఆటిజం తేలుతుంది. మిగతావాళ్లలో చాలామందికి ఎదుగుదలలో వేరే ఆలస్యం ఏదో ఒకటి ఉంటుంది.

ఎక్కడికి వెళ్లాలి? రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన డీఈఐసీలో, అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో, 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచితంగా చూస్తారు. మీ జిల్లాకి అది ఏ ఆసుపత్రిలో ఉందో ఆశా కార్యకర్తకో పీహెచ్‌సీ డాక్టరుకో తెలుస్తుంది. వెళ్లేటప్పుడు ఫోన్‌లో చిన్న వీడియోలు తీసుకెళ్లండి: ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు, మూడుసార్లు పేరు పిలిచినప్పుడు, ఇంకో పిల్లాడు దగ్గరికొచ్చినప్పుడు. ఒక్కోటి రెండు నిమిషాలు చాలు. మాటలున్న రోజుల పాత వీడియో దొరికితే అదీ. డాక్టరు గదిలో పావుగంటలో బయటపడనివి వీటిలో కనిపిస్తాయి.

వరుసలో మీ పేరు వచ్చేలోగా ఇంట్లో మొదలుపెట్టండి, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. రోజూ నాలుగుసార్లు, పది నిమిషాల చొప్పున, నేల మీద ఎదురెదురుగా కూర్చోండి. వాడు దేనితో ఆడితే మీరూ దానితోనే. చక్రం తిప్పుతుంటే మీరూ ఇంకో చక్రం తిప్పండి, లాక్కోకండి. ఉప్పుమూట ఎక్కించుకుని రెండడుగులు వేసి ఆగండి. ఐదు సెకన్లు, కావాలంటే పది సెకన్లు ఎదురుచూడండి. కదిలినా, చూసినా, 'ఊఁ' అన్నా అది అడగడమే, వెంటనే మళ్లీ నడవండి. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే తడబడతారు. ఆ ఐదు సెకన్లు ఓపిక పట్టలేక 'ఏదీ, అను నాన్నా, అను' అని మొదలెడతారు. మాటలు చిన్నగా వాడండి: 'నీళ్లు', 'నీళ్లు కావాలి', అంతే. 'ఇదేంటి? అదేంటి?' అని ప్రశ్నలు గుప్పించకండి.

ప్రశ్న: ఒక సెంటర్లో ఇరవై నిమిషాలు చూసి, ఒక ఫారం నింపి, 'మోడరేట్ ఆటిజం, స్కోరు 112' అని కాగితం ఇచ్చారు. ఎంఆర్ఐ, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష), జెనెటిక్ టెస్టులు చేయించమన్నారు. ఇవన్నీ అవసరమా? అసలు సరైన పరీక్ష ఎలా ఉండాలి?
– ఒక తండ్రి, కరీంనగర్

ఆ 112 ఐసా స్కోరు అయి ఉంటుంది. మన దేశంలో ఆటిజం తీవ్రత కొలవడానికి సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని జాతీయ సంస్థ తయారుచేసిన కొలమానం అది. ఆ సంస్థను అప్పట్లో ఎన్ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. ఐసాలో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. అంటే ఏ లక్షణమూ లేని పిల్లాడికి కూడా 40 వస్తుంది. '112 అంటే సగం పైనే' అని బెంబేలెత్తే వాళ్లకి ఈ సంగతి చెప్పాలి. 70 లోపు ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. మీ బాబుది మధ్యస్థం గీతకి కాస్త పైన ఉంది. వేరే రోజు, వేరే మనిషి నింపితే అటూ ఇటూ కావచ్చు.

ఫారం మంచిదే, ఇరవై నిమిషాలే సమస్య. ఐసా నింపాలంటే పిల్లాడిని ఆటలో గమనించాలి, తల్లిదండ్రులతో విడిగా మాట్లాడాలి. సరైన పరీక్షలో ఉండాల్సినవి ఇవి. గర్భం, కాన్పు, మొదటి ఏడుపు నుంచి నిన్నటిదాకా ఎదుగుదల చరిత్ర, దీనికే గంట పడుతుంది. ఆట వస్తువులతో పిల్లాడిని నేరుగా చూడటం. తల చుట్టుకొలత, చర్మం, నరాల పరీక్ష. తెలివితేటలు, రోజువారీ పనుల స్థాయి విడిగా కొలవడం: రెండున్నరేళ్లలోపు పిల్లలకు డాసీ, పెద్దపిల్లలకు బినే-కామత్ లేదా మాలిన్ పరీక్ష, స్వయం సామర్థ్యానికి వైన్‌లాండ్. మాటల స్థాయి. బడికి వెళ్తుంటే టీచరు మాట. ఇన్ని చోట్ల నుంచి వచ్చింది ఒక దిక్కుకే చూపిస్తే అప్పుడు నిర్ధారణ. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు మన దేశంలోనే తయారైన ఐఎన్‌డీటీ అనే పద్ధతి కూడా ఉంది. ఏడాస్ అనేది విదేశీ పద్ధతి, 40 నుంచి 60 నిమిషాల ఆట పరీక్ష. బాగా శిక్షణ ఉన్నవాళ్లు చేస్తే విలువైనదే, చేయించకపోతే నిర్ధారణ చెల్లదని మాత్రం కాదు. పెద్ద ఫీజు అడిగి 'ఏడాస్ లేనిదే తేలదు' అంటే నమ్మకండి.

పరీక్ష ఏ భాషలో జరిగిందో తప్పక అడగండి. ఇంట్లో తెలుగు మాత్రమే వినే పిల్లాడిని 'షో మీ ద బాల్' అని అడిగి, చూపించలేదని సున్నా వేసిన రిపోర్టులు మా దగ్గరికి వస్తుంటాయి.

ఇక టెస్టులు. ఆటిజాన్ని చూపించే స్కాను లేదు, రక్తపరీక్ష లేదు. మూర్ఛ, ఉన్నట్టుండి చూపు నిలిచిపోయి పలకకపోవడం, మూడేళ్ల తర్వాత మాట పోవడం ఉంటే ఈఈజీ కావాలి. తల మరీ చిన్నగానో పెద్దగానో ఉన్నా, ఒక పక్క చేయీ కాలూ బలహీనంగా ఉన్నా, చర్మం మీద ఆకు ఆకారంలో తెల్ల మచ్చలున్నా ఎంఆర్ఐ. మట్టి, సున్నం తినే అలవాటుంటే రక్తంలో సీసం. నిద్ర సరిగా లేకపోయినా, తిండి రెండు మూడు రకాలకే పరిమితమైనా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ చూసే రక్తపరీక్ష. ఆడపిల్లలు ఉన్న చేతిపనిని పోగొట్టుకుని చేతులు నలుపుకుంటూ ఉంటే రెట్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు పరీక్ష. జన్యు పరీక్షల్లో క్రోమోజోమల్ మైక్రోఅరే, ఫ్రాజైల్ ఎక్స్ మొదట చేసేవి. మేనరికం పెళ్లయినా, ఇంట్లో ఇంకొకరికి బుద్ధిమాంద్యం ఉన్నా, మరో బిడ్డ కోసం చూస్తున్నా వీటికి విలువ ఎక్కువ. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు కాబట్టి మూడు పరీక్షలూ ఒకేసారి ఎందుకో రాతపూర్వకంగా కారణం అడగండి. ఆ డబ్బు ఆరు నెలల స్పీచ్ థెరపీకి సరిపోవచ్చు.

రెండో అభిప్రాయం కావాలంటే మీకు దగ్గర బోయిన్‌పల్లి నీపిడ్. అదే ప్రాంగణంలో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వినికిడి పరీక్షా అవుతుంది. రాయలసీమ వాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్, చిత్తూరు వైపు వాళ్లకు వెల్లూరు సీఎంసీ దగ్గర. సైకాలజిస్టు ఎవరైనా రిపోర్టు మీద ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి.

ప్రశ్న: మా పాపకి ఉన్నది వర్చువల్ ఆటిజం, ఫోన్ ఆపేస్తే మూడు నెలల్లో పోతుందని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?
– హైదరాబాద్

ఆ పేరుతో వైద్య గ్రంథాల్లో జబ్బు లేదు. ఫోన్ వల్ల ఆటిజం రాదు. కానీ రోజుకి ఐదారు గంటలు ఫోన్ చూసే రెండేళ్ల పిల్లకి అన్ని గంటలూ మనిషితో ముఖాముఖి పోయినట్టే, మాట వెనకబడుతుంది. ఆటిజం ఉన్న పిల్లలు ఫోన్‌కి తొందరగా అతుక్కుంటారు కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో కలగాపులగమవుతుంది. అందుకని రెండూ చేయండి: ఫోన్ ఆపండి, పరీక్షా చేయించండి. ఫోన్ ఆపేసి మూడు నెలలు ఎదురుచూడటమే ఈ వీడియోలు చేసే నష్టం. రెండేళ్లలోపు స్క్రీన్ అసలు వద్దు, ఆపైన ఐదేళ్లదాకా గంట మించవద్దు. ఆపిన మొదటి వారం ఏడుపు బాగా పెరుగుతుంది, ముఖ్యంగా అన్నం దగ్గర. ఆ వారం ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా కనిపించకుండా ఉండాలి, లేకపోతే నెగ్గలేరు.

ప్రశ్న: థెరపీ సెంటర్ వాళ్లు రోజుకి నాలుగు గంటల ప్యాకేజీ, ఆరు నెలల డబ్బు ముందే కట్టమంటున్నారు. లోపలికి మమ్మల్ని రానివ్వరు. చేర్చవచ్చా?
– రాజమండ్రి

తల్లిదండ్రులను లోపలికి రానివ్వని సెంటర్‌లో చేర్చకండి. ఇదొక్కటే చాలు, మిగతా ప్రశ్నలు అడగక్కర్లేదు. పిల్లాడు సెంటర్‌లో నాలుగు గంటలు, మీ దగ్గర పది గంటలు ఉంటాడు. అక్కడ నేర్చింది ఇంట్లో వాడకపోతే అక్కడే మిగిలిపోతుంది. తల్లిదండ్రులకు నేర్పించి, వాళ్లచేత చేయించే పద్ధతిని గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ పరీక్షించారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. పెద్ద డిగ్రీలు లేని స్థానిక కార్యకర్తలు నేర్పినా తల్లీబిడ్డల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం మెరుగైంది.

మంచి చోట చేరిన రెండు మూడు వారాల్లో మీ చేతికి ఒక కాగితం రావాలి. అందులో లక్ష్యాలు లెక్కపెట్టగలిగేలా ఉండాలి. 'కమ్యూనికేషన్ మెరుగుపరచడం' లక్ష్యం కాదు. 'దాహమైతే పదిలో ఏడుసార్లు నీళ్ల బొమ్మ కార్డు ఇచ్చి అడుగుతాడు' అనేది లక్ష్యం. మూడు నెలలకోసారి దాన్ని చూసి మార్చాలి. బొమ్మల కార్డులు, సైగలు అలవాటు చేస్తే మాట రాదేమోనని భయపడకండి, అవి మాటను అడ్డుకోవు. అడిగితే దొరుకుతుందని తెలిసిన పిల్లాడు ఏడ్చి సాధించడం తగ్గిస్తాడు.

కళ్లలోకి చూడమని గడ్డం పట్టి తిప్పడం, చేతులు ఆడిస్తే గట్టిగా పట్టుకోవడం, ఏడ్చినా వదలకుండా కుర్చీలో కూర్చోబెట్టడం కనిపిస్తే బయటికి తీసుకొచ్చేయండి. వంటి మీద కమిలిన గుర్తులుంటే ఫొటో తీసి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

ఇదే సందర్భంలో చాలామంది అడిగిన మరో విషయం: స్టెమ్ సెల్ చికిత్స, ఆక్సిజన్ చాంబరు, ఒంట్లో లోహాలు తీసే ఇంజెక్షన్లు, గోధుమా పాలూ మాన్పించే ఆహారం. స్టెమ్ సెల్స్‌ను ఆటిజానికి చికిత్సగా ఇవ్వకూడదని నేషనల్ మెడికల్ కమిషన్ నైతిక విభాగం 2022లోనే చెప్పింది. లోహాలు తీసే ఇంజెక్షన్లతో ప్రాణాలు పోయిన పిల్లలున్నారు. పాలు మాన్పిస్తే, అసలే పెరుగన్నం మీద బతికే పిల్లాడికి కాల్షియం, మాంసకృత్తులు రెండూ పోతాయి. లక్షల్లో అడిగే చికిత్సల పేర్లు మారుతుంటాయి, 'పూర్తిగా నయం' అన్న మాట మాత్రం మారదు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. బాబుకి మూడేళ్లు, ఆటిజం అన్నారు. ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమని ఒకరు సలహా ఇచ్చారు. ఊరి నుంచి వచ్చిన మా అమ్మకి తెలుగే వచ్చు.

అమ్మగారిని తెలుగులోనే మాట్లాడనివ్వండి. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట ఆలస్యం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. మీకు సహజంగా రాని భాషలో మాట్లాడితే జోలా, ముద్దూ, వేళాకోళమూ అన్నీ తగ్గిపోతాయి, పిల్లాడు వినే మాటలే తగ్గుతాయి. మూడేళ్లు నిండగానే అక్కడ బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌కి మారుతుంది. పరీక్ష కోసం రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో అడిగితే గడువు లెక్క మొదలవదు. బిడ్డకు వచ్చిన భాషలో పరీక్షించమని కోరడం, ఐఈపీ (బిడ్డకు విడిగా రాసే చదువు ప్రణాళిక) సమావేశానికి దుబాసీని అడగడం చట్టం ఇచ్చిన హక్కులు.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో ఏట ఉన్నాడు. ఆసుపత్రి రిపోర్టు ఉంది. మళ్లీ సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఎందుకు? ఆ ముద్ర పడితే రేపు చదువుకీ ఉద్యోగానికీ అడ్డం కాదా?
– ఒంగోలు

రిపోర్టు వేరు, సర్టిఫికెట్ వేరు. రిపోర్టు చికిత్స కోసం: ఏమొచ్చు, ఏమి రాదు, ఏమి చేయాలి. సర్టిఫికెట్ ప్రభుత్వం కోసం: ఎంత శాతం. మొదటిది ఎంత వివరంగా ఉన్నా పెన్షన్ రాదు, రెండోదాన్ని చూసి థెరపిస్టు ఏమీ చేయలేడు. ఈ రెంటినీ కలగలిపి ఒకదానితో రెండో పని చేయించబోయి తిరిగేవాళ్లే ఎక్కువ.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా సదుపాయాలు. మన రెండు రాష్ట్రాల్లో జనం నోట నలిగిన పేరు సదరం. దేశమంతటికీ చెల్లేది యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు, దానికి దరఖాస్తు స్వావలంబన్ పోర్టల్‌లో. స్లాట్ మీ సచివాలయంలో దొరుకుతుంది, తెలంగాణ వాళ్లకు మీసేవలో. శాతం తేల్చే వైద్య బోర్డుకి వెళ్లే రోజు పిల్లాడి ఆధార్, ఫొటోలు, పాత రిపోర్టులన్నీ, వినికిడి పరీక్ష కాగితం పట్టుకెళ్లండి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ బడి రికార్డుతో కలవకపోతే ముందే సరిచేయించండి. సర్టిఫికెట్ వచ్చాక ఆగిపోయే పనులు చాలావరకు ఈ అక్షరదోషాల వల్లే. చిన్నపిల్లలకు తరచూ గడువుతో ఇస్తారు, ఆ తేదీ క్యాలెండర్లో రాసుకోండి.

దానితో వచ్చేవి: ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పెన్షన్ నెలకి 6,000 రూపాయలు, తెలంగాణలో 2023లో పెంచింది 4,016 రూపాయలు. రెండింటికీ కుటుంబ అర్హత నిబంధనలు విడిగా ఉన్నాయి. నేషనల్ ట్రస్ట్ నిరామయ పథకం కింద ఏటా లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా, థెరపీ ఖర్చులూ అందులో వస్తాయి, ముందస్తు వైద్యపరీక్షలు ఉండవు. 6 నుంచి 18 ఏళ్లదాకా దగ్గరి బడిలో గానీ ప్రత్యేక బడిలో గానీ ఉచిత విద్య. పరీక్షల్లో గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం, అంటే మూడు గంటల పేపరుకి ఇంకో గంట. రాసిపెట్టే మనిషి కావాలంటే మాత్రం ఆటిజం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, చేతిరాతకి ఇబ్బంది ఉందని ప్రభుత్వ వైద్యాధికారి నిర్ణీత నమూనాలో రాసివ్వాలి. 10వ తరగతిలో నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపే వేళకే హెడ్మాస్టరు ద్వారా ఈ కాగితాలు వెళ్లాలి. హాల్ టికెట్ వచ్చాక పరిగెత్తితే పని జరగదు.

ముద్ర మాటకొస్తే, ఆ కార్డు మీ బీరువాలో ఉంటుంది. ఎక్కడ చూపించాలో మీ ఇష్టం.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి, రెసిడెన్షియల్ స్కూలు. మార్కులు 90 పైనే. ఔటింగ్ అయ్యాక ఆదివారం సాయంత్రం కడుపునొప్పి, వాంతులు. ఇంటికొస్తే చిన్న విషయానికే గంటసేపు ఏడుస్తుంది. స్నేహితులు లేరు, ఒకమ్మాయి ఉండేది, ఆమె వేరే సెక్షన్‌కి మారింది. చిన్నప్పటి నుంచీ బట్టల లేబుళ్లు కత్తిరించాల్సిందే. నెట్‌లో చదివి తనే 'నాకు ఆటిజం అనుకుంటా' అంది. ఇంత తెలివైన పిల్లకి ఆటిజం ఉంటుందా?
– విజయవాడ

ఉండవచ్చు. తెలివి ఎక్కువైనా తక్కువైనా ఆటిజం ఉండవచ్చు, లేకపోవచ్చు. ఆడపిల్లల్లో ఇది ఆలస్యంగా బయటపడటానికి ముఖ్య కారణం, వాళ్లు పక్కవాళ్లను చూసి నటించడం నేర్చుకుంటారు. ఎప్పుడు నవ్వాలి, ఎంతసేపు కళ్లలోకి చూడాలి అని లెక్కలు వేసుకుంటూ పగలంతా గడుపుతారు. టీచరు 'చాలా బుద్ధిమంతురాలు' అని రాస్తుంది. ఇంటికొచ్చాక ఆ కట్టంతా తెగుతుంది. దాన్ని పెంకితనం అనుకోకండి.

అయినా ఈ లక్షణాలన్నీ ఆటిజానివే అనడానికి లేదు. మనుషుల మధ్య భయం, దిగులు, ఓసీడీ (వదలని ఆలోచనలు, చేసిందే చేయడం), ఏడీహెచ్‌డీ (నిలకడలేమి, అతి చురుకు) ఇలాగే కనిపించవచ్చు, ఆటిజంతో కలిసి కూడా ఉండవచ్చు. తేడా పట్టుకునేది బాల్యంలో. భయం మాత్రమే ఉన్న పిల్లకి ఏం మాట్లాడాలో తెలుసు, నోరు రాదు, సొంతవాళ్ల మధ్య మామూలుగా ఉంటుంది. ఆటిజం అయితే ఐదేళ్లకి ముందు నుంచే జాడలుంటాయి: ఆటలో పాత్రలన్నీ తనే పంచి, ఎవరైనా మారిస్తే ఆట ముగించడం, ఒకే విషయం మీద విపరీతమైన పట్టు, శబ్దం, వాసన, బట్ట తగిలితే ఓర్వలేకపోవడం. మీరు రాసిన లేబుళ్ల సంగతి సైకాలజిస్టుకి తప్పక చెప్పండి. ఎల్‌కేజీ నుంచి ప్రోగ్రెస్ కార్డుల్లో టీచర్లు రాసిన వ్యాఖ్యలు, చిన్నప్పటి పుట్టినరోజు వీడియోలు పట్టుకెళ్లండి. అమ్మాయితో ఒంటరిగా మాట్లాడే సమయం అడగండి. నెట్‌లో దొరికే ప్రశ్నపత్రాల స్కోరుతో అవుననీ అనుకోవద్దు, కాదనీ అనుకోవద్దు. నటించడంలో ఆరితేరిన ఆడపిల్లలకు వాటిలో తక్కువ వస్తుంది.

నిర్ధారణ అయ్యేలోగా, అసలు కాకపోయినా, ఇవి అడగవచ్చు. వీలైతే హాస్టల్ మాన్పించి డే స్కాలర్‌గా మార్చండి. ఇది మా గట్టి అభిప్రాయం. పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పదిదాకా ఒక్క నిమిషం ఒంటరితనం దొరకని చోట ఈ పిల్ల కోలుకోదు. అది కుదరకపోతే మెస్‌లో రద్దీకి ముందే పది నిమిషాల భోజనం, టైంటేబుల్ మారితే ముందురోజే రాతలో చెప్పడం, తట్టుకోలేనప్పుడు లైబ్రరీకి వెళ్లే అనుమతి, స్టడీ అవర్లో గోడవైపు సీటు. పక్కవాళ్లు ఏడిపిస్తున్నారా అని నేరుగా అడగండి, 'ఎలా ఉంది స్కూలు' అంటే 'బాగుంది' అనే చెబుతుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అనీ నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టదు. ఉందంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌కి, 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ప్రశ్న: మా బాబుకి 13 ఏళ్లు, మాటలు లేవు. ఆర్నెల్లుగా చెయ్యి కొరుక్కుంటున్నాడు, అమ్మని కొడుతున్నాడు. అందరి ముందూ మర్మాంగం ముట్టుకుంటున్నాడు. మందు రాయించాలా?
– కర్నూలు

మందుకి ముందు నొప్పి వెతకండి. మాట లేని పిల్లాడు పన్ను నొప్పిని చెయ్యి కొరికి చెబుతాడు. దంతవైద్యుడికి చూపించండి, చెవులు చూపించండి, ఎన్ని రోజులకోసారి విరేచనం అవుతోందో రాయండి. మలబద్ధకం ఒక్కటి తీరితే కొట్టడం బాగా తగ్గిన పిల్లలు చాలామంది. ఈ వయసులో మూర్ఛ కొత్తగా మొదలుకావచ్చు కాబట్టి చూపు నిలిచిపోవడం, నిద్రలో పక్క తడపడం, నాలుక కొరుక్కోవడం గమనించండి.

తర్వాత రెండు వారాలు ఒక నోటుబుక్కు. కొట్టిన ప్రతిసారీ మూడు గడులు: ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, వెంటనే వాడికి ఏం దొరికింది. మూడో గడి జాగ్రత్తగా నింపండి, జవాబు సాధారణంగా అక్కడే ఉంటుంది. కొట్టగానే స్నానం ఆగిపోతే స్నానం తప్పించుకోవడానికి కొడుతున్నాడు. కొట్టగానే ఫోన్ ఇస్తే ఫోన్ కోసం. అప్పుడు 'వద్దు', 'ఆపు' అని చూపించే కార్డు నేర్పండి, చూపించగానే నిజంగా ఆపండి.

ముట్టుకోవడం వయసుతో వచ్చేదే, దాన్ని తప్పని కొట్టి మాన్పించలేరు. చోటు నేర్పాలి. ఒకే గది, తలుపు మూసి, అక్కడ మాత్రమే. హాల్లో చేస్తే తిట్టకుండా, నవ్వకుండా ఆ గది బొమ్మ చూపించి తీసుకెళ్లండి. తాతయ్య నవ్వి, నాన్న కొట్టి, అమ్మ చూడనట్టు పోతే నేర్చుకోలేడు. అమ్మ పక్కన పడుకోవడం, అమ్మ స్నానం చేయించడం ఇప్పుడే ఆపి నాన్నకి అప్పగించండి. పద్దెనిమిదేళ్లకి మాన్పించడం ఇంకా కష్టం.

ఇవన్నీ చేశాక కూడా గాయాలయ్యేంత కోపం ఉంటే రిస్పెరిడోన్ లేదా అరిపిప్రజోల్ సైకియాట్రిస్టు రాయవచ్చు. కోపం, చిరాకు తగ్గించే మందులవి, ఆటిజాన్ని తగ్గించవు, మాట తెప్పించవు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. రిస్పెరిడోన్‌తో ఆకలి, బరువు బాగా పెరుగుతాయి. మొదలుపెట్టే రోజు బరువు, నడుము కొలత రాసుకోండి. పరగడుపు సుగర్, కొవ్వు పరీక్షలు అప్పుడూ, మూడు నెలలకీ చేయించండి. మెడ పక్కకి లాగినా, కళ్లు పైకి తిరిగి నిలిచినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. బాగున్నాడని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.